కిటికీలోంచి కనబడే కొండ మీద పన్ను

జనవరి 6, మంగళవారం

డ్వైట్ నడుము ఎలా ఉంది? అడిగితే "బాగానే ఉందమ్మా" అంటాడు, కానీ బూట్ల తాళ్ళు కట్టుకోవటానికి మెట్టు మీద కూర్చుంటున్నాడు. ఐరీన్ మోకాలు ఎలా ఉంది? చేతికర్ర కొన్నదట, చర్చికి మాత్రం తేవటం లేదు, సిగ్గు. ఆర్మాండ్ దగ్గు తగ్గిందా? నలభై ఏళ్ళు చెట్లు కొట్టినవాడికి అది తగ్గే దగ్గు కాదు. పైకప్పు ఎలా ఉంది? వంటింటి మూల నిన్నటి నుంచి మళ్ళీ కారుతోంది. నా గుండె ఎలా ఉంది? మెట్లెక్కితే దడదడలాడుతుంది, కవరు చూసినా దడదడలాడుతుంది.

అమ్మ ఉత్తరం రాస్తే ముందు అందరి ఆరోగ్యాలూ అడిగి, ఆ తర్వాతే తన గొడవ రాసేది. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా పద్ధతి పద్ధతే.

ఇక గొడవ. ఇంటి పన్ను డిసెంబరులో కాగితం రాగానే కట్టేశాం, ఎందుకింత పెరిగిందో చూద్దామని డ్వైట్ ఇవాళ ఆ కాగితాన్ని వంటింటి బల్ల మీద పరిచి వేలితో ఒక్కో గడీ చదివాడు. ఇంటి విలువ దాదాపు రెట్టింపు వేశారు. అదే ఇల్లు. మా ఆయన మెర్ల్ వాళ్ళ తాత కట్టిన ఇల్లు, మెర్ల్ పోయిన తర్వాత ఒక్క మేకు కూడా కొత్తది కొట్టలేదు. డ్వైట్ ఒక గడి దగ్గర ఆగాడు.

"దృశ్యం అని రాశారమ్మా."

"దృశ్యమా? అదేంటి?"

"కొండ కనబడుతోంది కదా. దానికి."

వాడు వాళ్ళ నాన్నలాగే మొహం కదలకుండా వేళాకోళమాడతాడు. అదీ అలాంటిదే అనుకుని నవ్వాను. వాడు నవ్వలేదు.

మొన్న ఏప్రిల్ దాకా ఆ వైపు ఏడు పైన్ చెట్లుండేవి. గాలి వీచినప్పుడల్లా అవి ఇంటి మీద పడతాయని నాకు భయం. ఆర్మాండ్‌ని పిలిచి కొట్టించాను. చెట్లు పోయాయి, అంట్లు తోమే చోట కిటికీలో టాబిథా కొండ నిలబడింది. ఒక భయం పోగొట్టుకుందామని ఇంకో భయాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నానన్నమాట.

జనవరి 9

కాగితం మళ్ళీ చదివాను. ఏమీ మారలేదు.

జనవరి 14

చర్చి వంటింట్లో ఐరీన్‌తో బంగాళాదుంపలు ఒలుస్తూ అంతా చెప్పాను. ఐరీనూ నేనూ ఎనిమిదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నాం, ఇద్దరం ఒకే సంవత్సరం బడి మానేశాం.

"కొండకి పన్నేంటే? రేపు ఎండకీ వేస్తారా?" అంది.

"వేస్తారు. మా ఇంట్లోకి పొద్దున్నే వస్తుంది, ఎక్కువ వేస్తారు."

"మా ఇంటికి ఎదురుగా పొరుగింటి హెన్రీ పాత లారీ తుప్పు పట్టి పడుంది. మాకేమన్నా తగ్గిస్తారేమో అడుగు."

ఇద్దరం నవ్వాం. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఒకటే ఆలోచిస్తున్నాను. ఇళ్ళ విలువ కట్టే మదింపు మనిషి ఆగస్టులో వచ్చాడు. బయటి నుంచి టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళిపోయాడు. డ్వైట్‌కీ అదే చెప్పాను. మరి వంటింటి కిటికీలోంచి ఏం కనబడుతుందో బయటున్నవాడికి ఎలా తెలుస్తుంది? ఎవరో చెప్పి ఉండాలి. ఎవరో చదువుకున్నవాళ్ళే చెప్పి ఉండాలి.

ఊరి పెద్దల్లో ఒకావిడ, బాగా చదువుకున్న సీలియా హాథార్న్ మొన్న ఎండాకాలంలో మా దారినే నడుచుకుంటూ వెళ్తూ గేటు దగ్గర ఆగి "వెర్నా గారూ, ఎంత అందంగా ఉందండీ!" అంది. అప్పుడు నేను మెచ్చుకోలు అనుకున్నాను.

జనవరి 22

ఊరి కచేరీకి వెళ్ళాను. డ్వైట్ వ్యాన్‌లోనే కూర్చున్నాడు, లోపలికొస్తే నోరు జారుతుందని.

మా ఊరి వ్యవహారాలు చూసే ముగ్గురు పెద్దల్లో సీలియాదే పై చెయ్యి. బోస్టన్‌లో ముప్పై ఏళ్ళు ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరై, గుట్ట మీద నిలువెత్తు అద్దాల ఇల్లు కట్టుకుంది. పదిహేనేళ్ళయింది. మనిషి ఎదురుగా లేనప్పుడు మేం ప్రొఫెసరమ్మ అంటాం. నాతో మాట్లాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదులుతుంది, మెట్లు దిగే ముసలిదాని చెయ్యి పట్టుకున్నట్టు. నాకు చెవులు బాగానే వినబడతాయి.

"వెర్నా గారూ, ఇది మీ ఒక్కరి మీదే వేసింది కాదండీ. కొండ కనబడే ఇళ్ళు ఎక్కువకి అమ్ముడుపోతున్నాయి. ఆ ధరలు చూసే మదింపు చేస్తారు."

"నేను అమ్మటం లేదు కదమ్మా."

"అమ్మితే వచ్చే ధర అండీ అది."

"అమ్మని ఇంటికి అమ్మితే వచ్చే ధర మీద, రాని డబ్బులోంచి నేను కట్టాలి. అంతేనా?"

ఆవిడ చిన్నగా నవ్వింది. దయగా. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

"అసలు లోపం మన పద్ధతిలో ఉందండీ. ఈ రాష్ట్రంలో ఆదాయం మీద పన్ను లేదు, కొనుగోళ్ళ మీద లేదు. అంతా ఇళ్ళ మీద పడుతోంది. ఆదాయపు పన్ను ఉంటే మీలాంటివారికి భారం తగ్గేది."

"అది వేసి ఇది తీసేస్తారా?"

"పూర్తిగా తీసెయ్యరు కానీ..."

"కానీ రెండూ ఉంటాయి. ఒక చెయ్యి జేబులో ఉంటే బరువుగా ఉందంటున్నాను, మీరు రెండో చెయ్యి కూడా పెడతానంటున్నారు."

అప్పుడు సొరుగులోంచి ఒక కాగితం తీసింది. ముసలివాళ్ళకి మినహాయింపు. ఆస్తీ రాబడీ చూపించి సంతకం పెడితే చాలా భాగం తగ్గుతుందట. "సిగ్గుపడాల్సిందేమీ లేదండీ, మీ హక్కు" అంది.

"నేను కట్టనిది ఎవరు కడతారమ్మా?"

"ఊళ్ళో మిగిలినవాళ్ళ మీద కొంచెం కొంచెం సర్దుబాటవుతుంది."

"అంటే ఐరీన్ మీద. ఆర్మాండ్ మీద. నా పన్ను తప్పయితే తప్పని తీసెయ్యండి. ఒప్పయితే నేనే కడతాను. నా బరువు ఐరీన్ మోకాలి మీద పెట్టి నేను హాయిగా ఉండలేను."

ఆ కాగితం బల్ల మీదే వదిలేసి ఇంకో కాగితం అడిగి తెచ్చుకున్నాను, మదింపు తగ్గించమని పెట్టుకునే దరఖాస్తు. మార్చి ఒకటి లోపల ఇవ్వాలి.

వ్యాన్ ఎక్కాక డ్వైట్ అడిగాడు. "ఏమందమ్మా?"

"దయ చూపించింది."

"అబ్బో. అయితే పని కాదు."

జనవరి 30

దరఖాస్తులో కారణం రాయమని నాలుగు గీతలు ఇచ్చారు. నాలుగు గీతల్లో ఏం రాస్తాను?

"కళ్ళు మూసుకునే ఉంటాం అని రాయమ్మా" అన్నాడు డ్వైట్.

ఫిబ్రవరి 3

మా అత్తగారు పెళ్ళికిచ్చిన బొంత తీసి వంటింటి కిటికీకి కట్టాను. చూడనిదానికి పన్నెలా వేస్తారో చూద్దాం.

"చీకట్లో వంటేంటమ్మా?"

"పన్ను సంగతి తేలేదాకా ఆ కొండ మొహం చూడను."

"డిసెంబర్లోనే కట్టేశాం కదమ్మా! చూసినా చూడకపోయినా డబ్బులు పోయాయి. నన్నడిగితే ఇంకో రెండు కుర్చీలు వేసుకుని చూడాలి."

ఫిబ్రవరి 4

చీకట్లో బీన్స్‌లో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఫిబ్రవరి 9

బొంత మూల కొంచెం ఎత్తాను. కొండ ఉందో లేదో చూశాను, అంతే.

ఫిబ్రవరి 14

"ఫ్రీజర్లో బ్లూబెర్రీలు నాలుగు సంచులున్నాయి. ఆగస్టు తర్వాత ఒక్క కేకన్నా చెయ్యలేదేంటమ్మా?" అన్నాడు డ్వైట్.

నీకు చక్కెర మంచిది కాదన్నాను. వాడికి చక్కెర జబ్బు లేదు. ఇంకేమీ అడగలేదు, నయం.

ఫిబ్రవరి 19

డ్వైట్ కాఫీ కప్పు ముందు పెట్టుకుని చాలాసేపు తాగలేదు. వాడలా కూర్చుంటే చెడ్డ కబురన్నమాట. వాడు పనిచేసే రంపం మిల్లు మూసేసిన రోజూ ఇలాగే కూర్చున్నాడు. ఆ మిల్లు గురించి కూడా ఏవేవో నియమాలు రాసినవాళ్ళు వాషింగ్టన్‌లో ఉన్నారు, వాళ్ళలో ఒక్కరూ ఈ రోడ్డు మీద ఏనాడూ నడవలేదు.

"ఇళ్ళు అమ్మిపెట్టే అతను ఫోన్ చేశాడమ్మా. బోస్టన్ నుంచి ఒక జంట మన ఇల్లు రోడ్డు మీంచి చూశారట."

"ఇల్లు చూశారా, కొండ చూశారా?"

"అమ్మా, నా మాట విను. మదింపు తగ్గకపోతే రెండేళ్ళు. నీ పెన్షనూ, నా నడుము పింఛనూ కలిపినా రెండేళ్ళకి మించి ఈడ్చలేను. తర్వాత మనం అమ్మటం కాదు, పన్ను బాకీ కింద ఊరే అమ్మేస్తుంది. అంతదాకా రాకముందే పక్క ఊళ్ళో రేకుల ఇంటికి పోవటం మంచిది."

"ఆ మినహాయింపు కాగితం తెచ్చుకోమంటావా?"

నాకే తెలియకుండా అడిగాను. వాడు నా వైపు చూడలేదు.

"నేనైతే తెచ్చుకోను. కానీ ఇల్లు నాది కాదు, నీది."

అరవై మూడేళ్ళ కింద ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఏ గదిలో నేల ఎక్కడ కిర్రుమంటుందో చీకట్లో కూడా చెప్పగలను. రేకుల ఇంట్లో కిర్రుమనటానికి కూడా ఏమీ ఉండదు.

ఫిబ్రవరి 27

దరఖాస్తు ఇచ్చాను. నాలుగు గీతల్లో మూడే వాడాను. "చెట్లు కొట్టింది భయంతో, చూడటానికి కాదు. కొండ నాది కాదు. తగ్గించగలరు." గుమాస్తా ముద్ర వేసి తారీకు వేసింది. ముద్ర చప్పుడుకి గుండె దడదడలాడింది.

మార్చి 8

ఎల్లుండి ఊరి సభ. మాట్లాడతానని ఐరీన్‌తో అన్నాను. "నువ్వా? బడిలో నీ పేరడిగితేనే ఏడ్చేదానివి" అంది. నిజమే. అరవై ఏళ్ళుగా ఆ సభకి బీన్స్ వండుకెళ్తున్నాను కానీ లేచి నోరు విప్పలేదు.

ఎవరు చెప్పారో అదీ అడుగుతాను. అందరి ముందూ అడుగుతాను.

మార్చి 10, మంగళవారం

సభ అయింది. అక్షరాలు గీత మీద నిలవటం లేదు.

బడి వ్యాయామశాల నిండిపోయింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత కొత్త కచేరీ భవనం సంగతి వచ్చింది. సీలియా తెర మీద బొమ్మలు చూపించింది. పెద్ద పెద్ద కిటికీలు. అందులోంచి కొండ. ఏడాదికి ఇంటింటికీ పడేది కొంచెమే అంది. బెంచీలన్నీ కిర్రుమన్నాయి.

నేను లేచాను. మైకు నా చేతికిచ్చారు, పట్టుకోవటం రాక మొక్కజొన్న కంకిలా పట్టుకున్నాను.

"రోడ్డుకి పన్ను కట్టాను. మంచు తోస్తున్నందుకు కట్టాను. నా కొడుకు బడి మానేసి నలభై ఏళ్ళయింది, ఇప్పటికీ బడికి కడుతున్నాను, కట్టొద్దని అనలేదు. కొండని ఊరు కట్టిందా? నేను చూస్తే అరిగిపోయిందా? ఊరికి దాని మీద పైసా ఖర్చు లేదు. దేవుడు పెట్టినదానికి ఊరు బిల్లు పంపుతుందేమిటి?"

వెనక నుంచి ఆర్మాండ్ "అలా అడుగు వెర్నా!" అని అరిచి దగ్గు తెచ్చుకున్నాడు.

"బయటినుంచి డబ్బున్నవాళ్ళొచ్చి కొండ చూసి ఎంత చెబితే అంత ఇస్తారు. వాళ్ళు ఇచ్చిన ధర నా నెత్తిన పడుతుంది. మాకు చదువు లేదు, మీకుంది. సరే. కానీ ఎంత పన్నేస్తే మనిషి ఇల్లొదిలి పోతాడో అది పుస్తకంలో ఉండదు. కట్టలేనివాడిని అడగాలి."

అక్కడ కూర్చోవాల్సింది. కూర్చోలేదు.

"మా వంటింటి కిటికీలోంచి ఏం కనబడుతుందో మదింపు మనిషికి ఎవరు చెప్పారో నాకు తెలుసు. మా గేటు దగ్గర నిలబడి ఎంత అందంగా ఉందో అన్నది ఒక్కరే." వేలు చూపించాను. సీలియా వైపు. ఎనభై రెండేళ్ళలో నేను మనిషికి వేలు చూపించటం అదే మొదలు.

సీలియా తన ముందున్న కాగితాల్లోకి చూసింది. ఒక కాగితం పైకి తీసింది. మళ్ళీ కిందే పెట్టేసింది. "ఆ సంగతి మనిద్దరం తర్వాత మాట్లాడుకుందాం వెర్నా గారూ" అంది. మొహం ఎర్రబడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఓటు చీటీలు పైకెత్తించి లెక్కపెట్టారు. కొత్త భవనం పంతొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఐరీన్ కర్ర తెచ్చుకునే వచ్చింది, దాన్ని పైకెత్తి ఊపింది. డ్వైట్ నా కోటు పట్టుకుని "అమ్మా, నువ్వేనా?" అన్నాడు.

గెలిచిన రోజు ఇలాగేనా ఉంటుంది?

మార్చి 11

బీన్స్ మిగిలాయి. తినబుద్ధి కాలేదు.

మార్చి 13

సీలియా వచ్చింది. మంచు కరిగి దారంతా బురద. కారు మా మలుపులో దిగబడిపోతే దిగి నడిచే వచ్చింది, మోకాళ్ళ దాకా బురద. లోపలికి రానంది. రమ్మన్నాను. డ్వైట్ కారు లాగటానికి ట్రాక్టరు తీసుకుని వెళ్ళాడు.

వంటింట్లో కూర్చుంది. బొంత వైపు చూసింది. సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందుకు జరిపింది. మా ఇంటి కార్డు. మదింపు మనిషి చేత్తో రాసుకున్నది.

"ఇంటావిడ వంటింట్లో కూర్చోబెట్టి చూపించారు. మబ్బు లేకపోతే కొండలు ఐదు కనబడతాయన్నారు. పేర్లు: టాబిథా, అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, డీకన్ ముక్కు, గొర్రె వీపు."

డీకన్ ముక్కు అనే పేరు ఏ పటంలోనూ లేదు. అది మా చర్చి పెద్ద ముక్కు చూసి మెర్ల్ పెట్టిన పేరు.

"ఇది సభలోనే మీ చేతిలో ఉంది కదూ" అన్నాను.

"ఉందండీ."

"మరెందుకు చదవలేదు?"

"అంతమంది ముందు చదివేది కాదు కదండీ."

నా కోసం ఊరుకుంది. నేను వేలు చూపించాను, ఆవిడ ఊరుకుంది. చదివేసి ఉంటే బాగుండేది. అప్పుడు కోపమన్నా మిగిలేది నాకు.

ఇక రాసుకుంటాను. ఆ మనిషి ఆగస్టులో బయటి నుంచి కొలిచి వెళ్ళిపోలేదు. ఎండకి మొహం కమిలిపోయి మంచినీళ్ళడిగాడు. లోపలికి పిలిచి నీళ్ళతో పాటు బ్లూబెర్రీ కేకు పెట్టాను. కిటికీలోంచి చూసి "అదేం కొండండీ?" అన్నాడు. చెప్పాను. "దాని పక్కది?" అన్నాడు. అదీ చెప్పాను. మెర్ల్ పెళ్ళికి ముందు టాబిథా మీద అడవి మంటల కాపలా గోపురంలో ఆరు ఎండాకాలాలు ఉన్నాడు, అక్కడి నుంచి కనబడేదల్లా నాకు నేర్పించాడు. మెర్ల్ పోయి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఎవరూ నన్ను అది అడగలేదు. అతను అడుగుతుంటే నేను చెబుతూనే ఉన్నాను. గొప్పలు చెప్పుకున్నాను. రెండో ముక్క కూడా పెట్టాను.

సీలియాతో అన్నాను. "తప్పు నాది. మీ మీద వేశాను. కానీ ఒకటి చెబుతాను వినండి. కేకు పెట్టి చెప్పిన మాటని త్రాసులో వేసుకుని వెళ్ళటం నాకు ఇప్పటికీ తప్పే. నేను చెప్పినా, మీరు చెప్పినా, కొండకి పన్ను తప్పే."

"నేను ఒప్పుకోనండీ. కానీ ఆ మనిషి మీతో ఎందుకొచ్చాడో ముందే చెప్పి ఉండాల్సింది. అది ఒప్పుకుంటాను. మా ఇంటికీ పెరిగింది పన్ను."

"మీరు కట్టగలరు."

"కట్టగలను" అంది. ఖాళీలు వదలకుండా అంది. మొదటిసారి నాతో మామూలు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. "దరఖాస్తు నేనొక్కదాన్నే తేల్చకూడదు. మళ్ళీ వచ్చి చూడమని మా ముగ్గురి బోర్డులో అడుగుతాను. అంతవరకే చెయ్యగలను."

డ్వైట్ కారు లాగి తెచ్చాడు. ఆవిడ వెళ్ళాక కార్డు వాడికి చూపించాను. రెండుసార్లు చదివాడు. ఇల్లు పోవటానికి కారణం అమ్మేనని అరుస్తాడనుకున్నాను.

"రెండు ముక్కలు పెట్టావా?"

"అలసిపోయి ఉన్నాడ్రా."

"నాకు మాత్రం ఆగస్టు నుంచి ఒక్కటీ లేదు" అని బయటికెళ్ళి కట్టెలు కొట్టాడు. నడుము బాగాలేనివాడు అంతసేపు కట్టెలు కొట్టకూడదు.

మార్చి 15, ఆదివారం

సభలో అన్న మాట సభలోనే వెనక్కి తీసుకోవాలి. మళ్ళీ సభ ఏడాదికి. అందుకని ప్రార్థన అయ్యాక ఐరీన్‌కి మొత్తం చెప్పాను. సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోతుంది.

"అంటే ప్రొఫెసరమ్మ తప్పు లేదంటావా?" అంది ఐరీన్, చాలా నిరాశగా.

"ఈ ఒక్కదాంట్లో లేదు. మిగిలినవన్నీ అలాగే ఉన్నాయి."

"హమ్మయ్య."

మార్చి 19

ఆర్మాండ్ వచ్చాడు. చెట్లు కొట్టింది తనేనని వాడికి బాధ. తొందరగా ఎదిగే మొక్కలు తెచ్చి ఉచితంగా నాటతానన్నాడు. ఎన్నాళ్ళకి కొండ మూస్తాయి అన్నాను. పన్నెండేళ్ళు అన్నాడు. నాకు తొంభై నాలుగు వస్తాయి. ఇద్దరం లెక్క వేసుకుని మొక్కల సంగతి వదిలేశాం.

మార్చి 26

బోర్డు నుంచి కవరు వచ్చింది. డ్వైట్ చదివేదాకా కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. తగ్గించలేదు, కాదనలేదు. మళ్ళీ చూస్తారట. మదింపు మనిషీ, బోర్డు ముగ్గురూ. వాళ్ళు చూసి వెళ్ళాక ఒక మాట చెబుతారు, ఆ మాట మీద ఇల్లు ఉంటుందో ఊడుతుందో. బోస్టన్ జంటని అప్పటిదాకా ఆగమన్నాడట డ్వైట్. ఆగమన్నాడు. వద్దనలేదు.

"బొంత ఉంచు. ఆ రోజు మబ్బు పట్టేలా ప్రార్థన చెయ్యి. నోరు మాత్రం విప్పకు" అన్నాడు.

నేను పొద్దున్నే బొంత విప్పి మడతపెట్టేశాను. దాచిపెట్టి గెలిస్తే అది తప్పు చేసినదాని గెలుపు. చూడనివ్వండి. అంట్ల తొట్టి దగ్గర, నేను నిలబడే చోట నిలబెట్టి చూపిస్తాను. చేతులు సబ్బు నీళ్ళలో పెట్టుకుని చూడమంటాను, ఎంత సేపు చూడగలరో. కారే మూల చూపిస్తాను, కింద పెట్టిన గిన్నె చూపిస్తాను. చూసి, ఇది ఎవరి ఆస్తో వాళ్ళనే చెప్పమంటాను. పేర్లు మాత్రం చెప్పను. పేర్లు మెర్ల్‌వి.

కాఫీ ఇస్తాను. ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకపోతే ఎలా? కేకు చెయ్యను.

ఫ్రీజర్ తెరిచాను. నాలుగు సంచులూ అలాగే ఉన్నాయి. ఉన్నాయో లేవో చూశాను, అంతే.

ఏప్రిల్ పద్నాలుగు, మంగళవారం, పొద్దున పది గంటలకు వస్తారు.